లెక్కపెట్టని కొసరు

కిందటివారం మిమ్మల్ని నయేలి మంచం పక్కన నిలబెట్టి, నా చేతిలో ఖాళీ సిరంజితో కథ ఆపేశాను. అప్పటినుంచీ నా చెయ్యి గాల్లోనే ఉండిపోయిందని కొందరు నిష్ఠూరమాడారట. చెయ్యి దించేశానమ్మా, బెంగపెట్టుకోకండి. నయేలి కూడా బావుంది. మర్నాడు పొద్దున్నే అరటిపండు తిని, తొక్క తెచ్చి నా జేబులో పెట్టింది.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకోసం రెండు ముక్కలు చెబుతాను. కొచబాంబా ఊళ్ళో మాది పిల్లల ఆసుపత్రి, పేరు సాంతా ఉర్సులా. నేను రూఫీనాని, పిల్లల వార్డులో నర్సులకి పెద్దని. మందుల విభాగానికి పెద్ద డాక్టర్ ఎర్మీనియా చోకె. మందు తన పేరు తనే చెప్పుకోవాలి, మన కళ్ళని నమ్ముకుని బిడ్డకి సూది వెయ్యకూడదు అని ఆవిడ పోరు. పెద్ద పెద్ద అర్జీలు పెట్టి, అందరితో మాటలు పడి, చివరికి సాధించింది. ఇప్పుడు మాకొచ్చే ప్రతి పెట్టె మీదా, ప్రతి గాజు ఆంప్యూల్ మీదా తయారైన చోటే గోరంత చదరం ఒకటి ముద్రించి ఉంటుంది. అది ఏ మందో, ఏ విడతలో తయారైందో, ఎప్పటిదాకా పనికొస్తుందో అంతా అందులోనే ఉంటుంది. మన కంటికి సిరాలో పడ్డ చీమలు నడిచిన మరకలా కనిపిస్తుంది గాని, చేతిలో పట్టే చదువుయంత్రానికి అది చక్కటి దస్తూరీ. సముద్రం అవతల చదివినా, మా కొండల్లో చదివినా ఒకటే మాట చెబుతుంది. బిడ్డ చేతిపట్టీని ముందు చూపించాలి, తర్వాత మందుని చూపించాలి. రెండూ పొసిగితే పచ్చదీపం వెలిగి సన్నగా కియ్‌మంటుంది. పొసగకపోతే ఎర్రదీపం, ఒకటే గోల. మా వార్డు పిల్లలు దానికి కోడిపిల్ల అని పేరు పెట్టారు.

ఆవేళ నయేలికి జ్వరం మందు పొడిని నీళ్ళలో కలిపి ఎక్కించాలి. పొడిసీసా చూపిస్తే కోడిపిల్ల బుద్ధిగా కియ్‌మంది. కలిపే నీళ్ళ ఆంప్యూల్ చూపిస్తే గొంతు చించుకుంది. తిప్పి చూపించినా, తుడిచి చూపించినా అదే గోల. అది నీళ్ళు కాదు, పొటాషియం అంటుంది. పొటాషియం అంటే తెలుసుగా, పెద్ద సీసాలో చుక్కల్లెక్కన కలిపి ఎక్కిస్తే ప్రాణం నిలుపుతుంది, సూదితో సూటిగా ఎక్కిస్తే చిన్న గుండెని అక్కడికక్కడే ఆపేస్తుంది. కానీ పెట్టె మీద 'నీళ్ళు' అని కొట్టొచ్చినట్టు రాసుంది. సరిగ్గా అప్పుడే మా డైరెక్టర్ డాక్టర్ బల్దివియెసో వార్డు చూడ్డానికి వచ్చారు. నయేలి తల్లి ఏడుపు చూశారు, యంత్రం గోల విన్నారు. "రేపు పొద్దున అందరూ నా గదికి రండి. ఈ కోడిపిల్ల మెడ విరిచెయ్యాలో వద్దో తేల్చేద్దాం" అని వెళ్ళిపోయారు. నేను వేరే పెట్టె విప్పి, పచ్చదీపం చూసుకుని, నయేలికి మందు ఎక్కించాను. ఆ మొదటి ఆంప్యూల్‌ని, గోల విని వచ్చిన ఎర్మీనియా చేతిరుమాల్లో చుట్టి జేబులో వేసుకుంది.

ఇక మర్నాడు.

పొద్దెక్కాక కలిశాం. మా దగ్గర ఆ వేళకి ఎంత పెద్ద గొడవైనా సాల్తేన్యాలు, అదే మాంసం కూరిన కజ్జికాయల్లాంటివి, లేకుండా మొదలుకాదు. డైరెక్టర్‌గారి బల్ల మీద పళ్ళెం నిండా వేడివేడిగా ఉన్నాయి. లోపల మాంసం రసం నిండుగా ఉంటుంది కాబట్టి నిలువుగా పట్టుకుని, మూల కొరికి, రసం పీల్చుకుంటూ తినాలి. ఒక్క చుక్క కారిందా, ఆ పూటంతా వెక్కిరింతే. డాక్టర్ బల్దివియెసో ఆ విద్యలో ఆరితేరినవారు. తెల్లచొక్కా మీద మరక పడగా ఇన్నేళ్ళలో నేను చూడలేదు.

గదిలో నలుగురం. ఆయన, ఎర్మీనియా, నేను, మా సరుకుల గిడ్డంగి చూసే దోన్ సెవేరో ఇంతూరియాస్. దోన్ అంటే మీ 'గారు' అనుకోండి. సెవేరో టోపీని మోకాలి మీద పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. ఊళ్ళో కరువొచ్చినా, బాటలు మూతపడినా ఆయన గిడ్డంగిలో ఒక్క సీసా అటూ ఇటూ కాలేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. ఆ నిటారుతనం అక్కడినుంచే వచ్చింది.

డైరెక్టర్‌గారు చెయ్యి తుడుచుకుని మొదలుపెట్టారు.

"ఎర్మీనియా, నీ చదువంటే నాకు గౌరవం తల్లీ. కానీ ఒక్క మాట చెప్పు. ఇది ఆసుపత్రా, సూపర్‌మార్కెట్టా? సబ్బులూ బిస్కెట్లూ చూపించినట్టు ప్రతి సూదినీ ఆ యంత్రానికి చూపించుకుంటూ కూర్చుంటే నర్సులు పిల్లల మొహం ఎప్పుడు చూస్తారు?"

"చేతిపట్టీ చూపించడానికైనా బిడ్డ దగ్గరికి వెళ్ళాలిగా డాక్టర్‌గారూ. ఇదివరకు మంచం అంకె చూసి వేసేవాళ్ళం" అన్నాను నేను. నన్నెవరూ అడగలేదు. అయినా ఊరుకోలేను, నా నోరు అంతే.

"నువ్వాగు రూఫీనా. నిన్న ఆ తల్లి ఏడుపు విన్నావుగా? మందేస్తుంటే యంత్రం అరిస్తే ఏ తల్లి గుండె నిలుస్తుంది? సరే, నిజంగా ప్రమాదముండి అరిస్తే దణ్ణం పెడతాను. పెట్టె మీద నీళ్ళని రాసుంటే విషమంటుందేమిటి? ఇట్లా అబద్ధానికి అరిచే కుక్కని రాత్రిళ్ళు ఎవరు నమ్ముతారు?"

"అబద్ధమని ఎవరు తేల్చారండీ?" అంది ఎర్మీనియా.

ఆవిడ గొంతు ఎప్పుడూ పెరగదు. కోపం వచ్చినకొద్దీ ఇంకా తగ్గుతుంది. ఆ గొంతు విని నేను కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాను.

"పెట్టె చెబుతోందిగా!"

"పెట్టె తన మాట చెప్పింది. లోపలిది ఏమంటోందో కూడా వినాలి కదా." చేతిరుమాలు విప్పి ఆంప్యూల్‌ని బల్ల మీద పెట్టింది. "చదవండి."

ఆయన కళ్ళజోడు సర్దుకుని వెలుగులోకి పట్టుకున్నారు. అక్షరాలు దేనికో రుద్దుకుని రుద్దుకుని చెరిగిపోయాయి. చివర మిల్లీలీటర్ల అంకె ఒక్కటే మిగిలింది. చదరం కూడా ఒక మూల గీసుకుపోయింది.

"ఏముంది ఇందులో? అక్షరమే లేదు. ఈ మూల చెరిగిన మరకని పట్టుకుని నువ్వు వాదనకి దిగావా?"

"ఆ మరకని చెయ్యడమే అట్లా చేశారండీ. మూల పోయినా, మధ్యలో గీత పడ్డా, మిగిలినదాంతో తన మాట పూర్తి చేసుకుంటుంది. మరీ చెడిపోతే నోరెత్తదు. చదవలేక చదివినట్టు నటించదు. సగం అక్షరాలు చూసి మిగతా సగం ఊహించేది మనమే."

"అయ్యో, ఎంత సమర్థిస్తావో!" ఆయన నవ్వారు. "మార్కెట్ బుద్ధి ఎక్కడికి పోతుంది? బేరం మాత్రం వదలవు."

గదిలో ఎవరూ నవ్వలేదు. ఎర్మీనియా తల్లి బాసిలియా లా కాంచా మార్కెట్‌లో బంగాళాదుంపలు అమ్ముతుందని ఊళ్ళో అందరికీ తెలుసు. కుచ్చుల పావడా కట్టుకుని, రెండు జడలకీ ఊలుతాడు ముడేసుకుని అప్పుడప్పుడూ మా ఆసుపత్రికి వస్తుంది. వస్తే ఊరికే రాదు, కూతురికే కాకుండా గుమ్మం దగ్గర కాపలా అతనికి కూడా ఉడికించిన దుంపలు తెస్తుంది. "మా అమ్మాయి మందులకి నుదుటిరాత చదువుతుంది" అని వరండాలో కనబడ్డ ప్రతివాళ్ళకీ చెబుతుంది. ఆవిడ మాట వింటున్నప్పుడల్లా నాకు కూడా ఛాతీ పొంగుతుంది. ఆ బుద్ధిని వెక్కిరించినందుకు డైరెక్టర్‌గారి మీద నాకు ఒళ్ళు మండింది.

ఎర్మీనియా మాత్రం చలించలేదు. "ఆ బేరం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. అదే పెట్టెలో అక్షరాలు చెరిగినవి ఇంకా ఉన్నాయి. అందులో ఒకదానికి కూడా కోడిపిల్ల పొటాషియమనే పేరు పెట్టింది. దాన్ని పొద్దున్నే ల్యాబుకి పంపాను. ఏమని పంపానో చెప్పలేదు. 'ఇదేమిటో మీరే చెప్పండి' అన్నాను, అంతే."

"ఫోన్ ఎప్పుడొస్తుంది?"

"మీరు ఇంకోటి తినేలోపు."

ఆయన నిజంగానే ఇంకో సాల్తేన్యా తీసుకున్నారు. మూల కొరికారు. ఫోన్ మోగింది. కుడిచేత్తో సాల్తేన్యా అలాగే పట్టుకుని, ఎడమచేత్తో అందరికీ వినబడేలా మీట నొక్కారు.

"ఎవరండీ ఇది పంపింది?" ల్యాబు డాక్టరుగారి గొంతు ఆదుర్దాగా ఉంది. "మా యంత్రం కొలత పైఅంచు దాటిపోయింది. నీళ్ళు కలిపి, మళ్ళీ కలిపి చూడాల్సొచ్చింది. ఇది చిక్కటి పొటాషియం. ఎక్కడ దొరికిందండీ? ఎవరికైనా వేశారా?"

డాక్టర్ బల్దివియెసో చేతిలో సాల్తేన్యా ఒక పక్కకి ఒరిగింది. రసం ధారగా కారి, చొక్కా మీద, టై మీద, బల్ల మీద పడింది. ఆయన చూసుకోలేదు. ఆ విద్యలో అంతటి మొనగాడికి మరక పడింది, మేమెవ్వరం వెక్కిరించలేదు.

"లేదు. వెయ్యలేదు. వెయ్యనివ్వలేదు" అన్నారు ఫోన్లోకి. పెట్టేశారు.

అరటితొక్క జేబులో తగిలింది. నిన్న ఆ కాసేపు కోడిపిల్ల గోలకి విసుక్కుని దాన్ని పక్కన పడేసి ఉంటే ఈ పొద్దున ఆ తొక్క నా జేబులో ఉండేది కాదు. భయం వెనకే గర్వం కూడా వచ్చింది, దాచుకోవడం దేనికి? మా ఊళ్ళో, మా వార్డులో, మా మార్కెట్ పిల్ల పట్టుబట్టి పెట్టించిన యంత్రం ఒక బిడ్డని నిలబెట్టింది. పెద్ద దేశాలవాళ్ళకేనా ఇవన్నీ? మాకూ ఉన్నాయి. మావి కూడా పనిచేస్తాయి.

డైరెక్టర్‌గారు లేచి కిటికీ దాకా వెళ్ళారు. వెనక్కి తిరిగేసరికి మొహం కందగడ్డలా ఉంది.

"అంటే ఎలిసెయో మనకి నీళ్ళ పెట్టెలో విషం పెట్టి అమ్మాడా? నలభయ్యేళ్ళ స్నేహం! ఇప్పుడే పోలీసుల్ని పిలుస్తాను."

దోన్ ఎలిసెయో ఊళ్ళో మందుల టోకు వ్యాపారి. మా ఆసుపత్రికి చాలాకాలంగా సరుకు వేసేది ఆయనే.

"అమ్మలేదండీ" అంది ఎర్మీనియా. "అదే నాకు రాత్రంతా అంతుబట్టలేదు. ఆయన అమ్మిన ప్రతి పెట్టెనీ మన గుమ్మంలో యంత్రానికి చూపించాకే లోపలికి తెస్తాం. ఏది ఎప్పుడొచ్చిందో యంత్రంలో ఉంటుంది. ఈ పెట్టె ఒక్కటే లేదు. ఇది మన గుమ్మం దాటినట్టే దానికి తెలీదు. గోడ దూకి వచ్చిందా మరి?"

మా ముగ్గురి కళ్ళూ ఒక్కసారే దోన్ సెవేరో మీదికి తిరిగాయి.

ఆయన కంగారుపడలేదు. టోపీ అంచు సవరించుకున్నాడు. "గోడ ఎందుకు దూకుతుంది డాక్టరమ్మా? నా చేతుల్తో నేనే అందుకున్నాను. అది కొన్నది కాదు. కొసరు."

యాపా అంటాం మేము. మీ కొసరే. దుంపలు కొన్నా, రొట్టె కొన్నా, గజం గుడ్డ కొన్నా చివర్న ఇంకొంచెం పడాలి. అది పడనిదే బేరం ముగిసినట్టు కాదు.

"కొసరైతే?" అన్నారు డైరెక్టర్‌గారు.

"కొసరైతే ఏమిటండీ బాబూ! కొన్నవాటిని లెక్కపెడతాం, సరే, అది మన హక్కు. మనసు పుట్టి ఇచ్చినదాన్ని ఇచ్చినవాడి ఎదురుగుండా యంత్రానికి చూపిస్తామా? మొహం మీద ఉమ్మేసినట్టు కాదూ? ఊరికే ఇచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టే వంశం కాదు మాది. రెండు చేతులా అందుకుని, కళ్ళకద్దుకుని, లోపల పెట్టాను."

"అదీ నిజమే కదా" అన్నారు డైరెక్టర్‌గారు, నోరుజారి. నేను కూడా తలూపాను. ఏం చెయ్యమంటారు, మేమందరం అమ్మల కొంగు పట్టుకుని మార్కెట్లో పెరిగినవాళ్ళమే. కొసరుని లెక్కపెట్టే మనిషిని నేను నా జన్మలో చూడలేదు. అన్ని నియమాలు రాసిన ఎర్మీనియాకి కూడా 'కొసరుని కూడా చూపించండి' అని రాయాలని తోచలేదు.

ఆవిడ తల ఊపలేదు. కళ్ళు మూసుకుని, తెరిచింది.

"దోన్ సెవేరో, మా అమ్మ ఊహ తెలిసినప్పటినుంచీ కొసరేస్తూనే ఉంది. ఆ చేతి కొసరు తినే నేను ఇంతదాన్నయ్యాను. ఆ కొసరు ఎక్కడినుంచి తీస్తుందో మీకు తెలుసా?"

"బుట్టలోంచి."

"ఏ బుట్టలోంచి? కట్టిన బస్తాలోంచి ఏ బేరగత్తె కొసరు తియ్యదు. పక్కన విడికుప్ప ఉంటుంది. బస్తా విప్పినప్పుడు జారినవీ, తూచినప్పుడు మిగిలినవీ, నిన్నటివీ, మొన్నటివీ, ఎర్రవీ నల్లవీ అన్నీ అందులోనే. కొసరెప్పుడూ విడికుప్పలోంచే వస్తుంది. దుంపలైతే కలిస్తే మంచిదే, పులుసు ఇంకా రుచిగా ఉంటుంది. ఇవి దుంపలు కావు." డైరెక్టర్‌గారి వైపు తిరిగింది. "ఇందాక మార్కెట్ బుద్ధి అన్నారు. అవును, మార్కెట్ బుద్ధే. ఆ బుద్ధి లేకపోతే ఈ పెట్టె ఎక్కడిదో మనకి ఇంకో ఏడాదికి కూడా తెలిసేది కాదు. దోన్ ఎలిసెయోకి ఫోన్ చెయ్యండి. పోలీసుల్ని పిలుస్తానని మాత్రం అనకండి. ఆ పెట్టె ఎలా నింపావు అని అడగండి."

ఆయన అడిగారు. దోన్ ఎలిసెయో గొంతు గదంతా నవ్వుతూ మోగింది.

"కొసరుకి ఫోన్ చేసి థాంక్స్ చెప్పే మనిషిని మొదటిసారి చూస్తున్నాను డాక్టర్! ఏముంది, పగిలిన పెట్టెల్లోంచి మిగిలిన ఆంప్యూల్స్ ట్రేలో పడుంటాయి కదా. అన్నీ ఒకే సైజు, ఒకే గాజు. ఖాళీ పెట్టెల్లో సర్దించాను. మీ పిల్లలకి పనికొస్తాయని. అందులో ఒక్కటీ అమ్మింది కాదు సుమా, ప్రేమగా ఇచ్చింది."

"ట్రేలో ఏమేం ఉండేవి ఎలిసెయో?"

"నీళ్ళు... ఎక్కువ నీళ్ళే..." నవ్వు ఆగిపోయింది. "ఎందుకడుగుతున్నావు?"

డైరెక్టర్‌గారు చెప్పారు. అవతల పెద్దాయన ఏడవడం వినబడింది. ఇక వినలేక డైరెక్టర్‌గారే మీట నొక్కి ఆపేశారు. ఇది ఏ దుర్మార్గుడో చేసి ఉంటే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ప్రేమే చేసిన పని కావడంతో తిట్టడానికి కూడా మనిషి దొరకలేదు.

డాక్టర్ బల్దివియెసో టై విప్పి పళ్ళెం పక్కన పడేశారు. "ఎర్మీనియా, సూపర్‌మార్కెట్ అన్నాను. సబ్బుబిళ్ళ పేరడిగేపాటి జాగ్రత్త పిల్లల మందుకి లేకపోతే సిగ్గుపడాల్సింది నేను. కోడిపిల్ల ఉంటుంది. ప్రతి వార్డులో ఉంటుంది. నేను రౌండుకి వచ్చినప్పుడు నా చేతిలో కూడా ఉంటుంది. మీ అమ్మగారు ఈసారి వచ్చినప్పుడు నాకు చెప్పు. కింద గుమ్మం దాకా నేనే వస్తాను."

"కొసరేసుకుని మరీ వస్తుందండీ" అంది ఎర్మీనియా. ఆ మాటకి నవ్వాలో వద్దో తెలియక అందరం కాస్త నవ్వాం. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. వెన్ను మాత్రం మార్కెట్లో మూట నెత్తికెత్తుకున్న ఆడమనిషిలా నిటారుగా ఉంది. నిజం చెప్పద్దూ, ఆ పూట ఆవిడ పక్క కుర్చీలో కూర్చున్నందుకే నాకు గొప్పగా అనిపించింది.

దోన్ సెవేరో మాత్రం నవ్వలేదు. నేను వార్డునుంచి తెచ్చి బల్ల మీద పెట్టిన కోడిపిల్లని చూస్తూ అన్నాడు, "అంటే ఇకమీదట ఎదుటివాడు ప్రేమగా ఇచ్చినా సరే, దీని మొహాన పెట్టి చూడాలా? ఇచ్చినవాడు బాధపడడా డాక్టరమ్మా?"

ఆవిడ ఆయన పక్కకి వెళ్ళి కూర్చుంది.

"మీ ఇంటికి చుట్టం వస్తే ఏం చేస్తారు దోన్ సెవేరో? 'ఎవరి తాలూకు నాయనా, ఏ ఊరు?' అని అడిగే కదా పీట వేస్తారు. అది అవమానమా?"

"మర్యాద."

"ఇదీ అంతే. ఎవరి తాలూకు, ఏ విడత, ఎప్పటిదాకా ఉంటావు అని అడుగుతాం. చెబితే పీట వేస్తాం."

పెద్దాయన కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకున్నాడు. తర్వాత యంత్రాన్ని కొసరు అందుకున్నట్టే రెండు చేతులా అందుకున్నాడు. "మీట ఎక్కడ?" అన్నాడు. చూపించింది. బల్ల మీది ఆంప్యూల్‌కేసి పట్టుకుని నొక్కాడు. ఎర్రదీపం వెలిగి కోడిపిల్ల గోలపెట్టింది. "ఇదన్నమాట" అని తలూపాడు. ఆ వయసులో ఆ మనిషి ఓటమి ఒప్పుకున్నట్టు కాక కొత్త కొలువులో చేరినట్టు లేచి నిలబడ్డాడు. నాకు ముచ్చటేసింది. కథ ఇక్కడ ముగిస్తే ఎంత బావుండేదో.

డైరెక్టర్‌గారే అడిగారు, గిడ్డంగికి వెళ్దామని లేస్తూ. "ఇలాంటి కొసరు పెట్టెలు ఇంకా ఉన్నాయా సెవేరో?"

"ఈసారి రెండిచ్చాడండీ."

"రెండోది ఎక్కడుంది? పదండి, తీసి పక్కన పెడదాం."

దోన్ సెవేరో గుమ్మంవైపు వెయ్యబోయిన అడుగు ఆపేశాడు. టోపీ నేల మీద పడింది. వంగి తీసుకోలేదు.

"కొసరు ఒక్కళ్ళమే ఉంచుకోకూడదు కదండీ" అన్నాడు మెల్లిగా. "పెద్దవాళ్ళు చెప్పేవారు, వచ్చిన కొసరులో సగం ఇంకొకరికి కొసరెయ్యాలని. సాచామాయు పంపించాను."

సాచామాయు కొండల మీద ఉంటుంది. అక్కడ ఒక గది ఆరోగ్య కేంద్రం, కోడిపిల్ల లేదు. ఆ కేంద్రానికంతటికీ ఒక్కతే నర్సు, ఎల్వీరా ఇంతూరియాస్. సెవేరో కూతురు.

"మందు కలిపే నీళ్ళు అయిపోయాయి నాన్నా, పసిపిల్లలు దగ్గులతో వస్తున్నారు అంది. పాలబస్సులో పంపించాను."

ఎర్మీనియా అప్పటికే గుమ్మం దగ్గరుంది. "జీపు తియ్యమనండి. రూఫీనా, కోడిపిల్లని పట్టుకో."

"బాట లేదమ్మా" అన్నారు డైరెక్టర్‌గారు. ఆ బస్సు వెళ్ళాక రైతులు ధర కోసం రాళ్ళు పేర్చి కొండదారి మూసేసిన సంగతి మాకందరికీ తెలుసు. అంబులెన్సుని వదులుతారు. కాని ప్రతి అడ్డు దగ్గరా దిగి బతిమాలాలి, అలా ఎక్కేసరికి పొద్దువాలుతుంది.

ఫోన్ ఒక్కటే దారి. సాచామాయులో ఫోన్ పలకాలంటే ఎల్వీరా కేంద్రం మెట్ల మీదికి రావాలి, గాలి ఇటు వీస్తుండాలి. డైరెక్టర్‌గారు చేశారు. పలకలేదు. ఎర్మీనియా చేసింది. పలకలేదు. సెవేరో చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నాడు. అంకెలు తడబడకుండా నొక్కి, అందరికీ వినబడే మీట కూడా నొక్కాడు. లెక్క తప్పని మనిషి.

మోగింది. ఎత్తింది.

"నాన్నా! నీకు నూరేళ్ళు. ఇప్పుడే నీ పేరు తలుచుకున్నాను, నీ పెట్టె విప్పుతూ." వెనక పసిబిడ్డ దగ్గు వినబడింది. తల్లి ఊరుకోబెడుతోంది.

"తల్లీ, ఆగు. చేతిలో ఉన్నది కింద పెట్టు. ఆ ఆంప్యూల్ మీద ఏం రాసుందో చదువు."

"ఏంటీ? గాలి నాన్నా, వినబడట్లేదు. ఆంప్యూలా? అక్షరాలు చెరిగిపోయినట్టున్నాయి."

"ఎల్వీరా, దాన్ని వాడకు, నా మాట విను, అది ఏమిటో తెలీదు—"

ఎల్వీరా నవ్వింది. గదిలో నలుగురం విన్నాం ఆ నవ్వు. తండ్రి మీద ఎంత గర్వమో ఆ పిల్లకి.

"తెలియకపోవడమేమిటి నాన్నా, పంపింది నువ్వేగా!"

లైను తెగిపోయింది.